నేల మారినా మారని పేర్లు: డచ్ ఊళ్ళు, ఇంటిపేర్లు

అందరికీ నమస్కారం. బయట ఇంత మంచి ఎండ కాస్తున్నా, ఆదివారం మధ్యాహ్నం వదులుకుని ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందిమి నేదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఈ ఆమ్‌స్టెల్‌వేన్‌లోనే ఉంటున్నాం. ఫారాల మీద, పార్సిళ్ళ మీద ఈ పేరు రాస్తూనే ఉంటాం. ముందు దాన్నే విడదీసి చూద్దాం. ఆమ్‌స్టెల్ అనేది నది పేరు. వేన్ అనేది ఒక రకం నేల. వేల ఏళ్ళపాటు నీళ్ళు నిలిచిపోయిన చోట నాచు, రెల్లు, గడ్డి పూర్తిగా కుళ్ళిపోకుండా పొర మీద పొరగా పేరుకుంటే ఈ నేల తయారవుతుంది. నల్లగా, మెత్తగా ఉంటుంది. ఒళ్ళంతా నీళ్ళే. ఎండబెడితే పొయ్యిలో మండుతుంది. ఇంగ్లీషులో పీట్ అంటారు. తెలుగులో దీనికి అందరికీ తెలిసిన మాట లేదు కాబట్టి ఇవాళ్టికి నేనూ పీట్ అనే అంటాను. అంటే ఆమ్‌స్టెల్‌వేన్ అంటే ఆమ్‌స్టెల్ ఒడ్డున ఉన్న పీట్ నేల. మునిసిపాలిటీకి ఈ పేరు అధికారికంగా వచ్చింది 1964లో. అంతకుముందు దాన్ని నీవర్ ఆమ్‌స్టెల్ అనేవారు. కానీ వేన్ అన్న మాట మాత్రం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది.

ఇప్పుడు మీ వీధిలోకి వెళ్ళి పీట్ ఎక్కడుందో చూపించమంటే చూపించడం కష్టం. అపార్ట్‌మెంట్లు, ట్రామ్ పట్టాలు, పార్కులు కనిపిస్తాయి. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే ఈ సంగతి చెప్పడానికి. ఈ దేశంలో ఊరి పేరైనా ఇంటిపేరైనా, అది పుట్టిన కాలంలో అక్కడి నేల ఎలా ఉండేదో చెబుతుంది. ఆ తరవాత మనుషులు ఆ నేలను తవ్వారు, తోడారు, ఎండగట్టారు, పూడ్చారు. చాలాచోట్ల అసలు రూపం మిగల్లేదు. పేరు మాత్రం మిగిలింది. ప్రపంచంలో చాలా దేశాల్లో ఊళ్ళకి కొండల పేర్లూ నదుల పేర్లూ ఉంటాయి, కానీ ఆ కొండా నదీ ఇంకా అక్కడే ఉంటాయి. ఇక్కడ అలా కాదు.

దేశం పేరుతో మొదలుపెడదాం. నేదర్లాండ్ అంటే పల్లపు నేల. అది అందరికీ తెలుసు. దేశంలో దాదాపు 26 శాతం భూభాగం సముద్ర మట్టానికి కిందే ఉంది. రోటర్‌డామ్‌కి ఈశాన్యంగా ఉన్న జౌడ్‌ప్లాస్ పోల్డర్‌లో, అంటే కట్టలు కట్టి నీరు తోడేసిన చోట, నేల సుమారు 6.7 మీటర్ల లోతున ఉంటుంది. హాలండ్ అన్న పేరును కూడా చాలామంది బోలు నేల, పల్లపు నేల అని అర్థం చేసుకుంటారు. కానీ దాని పాత రూపం హోల్ట్‌లాండ్. హోల్ట్ అంటే చెట్లు, అడవి. ఇవాళ కనుచూపు మేర గడ్డి మైదానాలూ ట్యూలిప్ తోటలూ ఉన్న ప్రాంతం పేరు అడవి నేల. చూశారా, మొదటి అడుగులోనే పేరు ఒకటి చెబుతోంది, కళ్ళు ఇంకొకటి చూస్తున్నాయి.

మళ్ళీ వేన్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ దేశం కథంతా ఆ మాటలోనే ఉంది. పదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా హాలండ్, ఉట్రెక్ట్ ప్రాంతాల్లో పీట్ బీళ్ళను సాగులోకి తెచ్చారు. భూమి హాలండ్‌ని ఏలే ప్రభువు కౌంట్‌ది, లేదా ఉట్రెక్ట్ బిషప్‌ది. వాళ్ళు వలస వచ్చిన రైతులతో ఒప్పందం చేసుకునేవారు: ఈ బీడు తీసుకోండి, కాలవలు తవ్వి నీరు తీసేయండి, సాగు చేసుకోండి, ఏటా ఇంత చెల్లించండి. ఆ ఒప్పందాన్ని కోప్ అనేవారు. ఇప్పటి డచ్‌లో కొనడం అనే అర్థమున్న మాటకి అది చుట్టం. నీవ్‌కోప్, బోస్‌కోప్, బెన్‌స్కోప్, హైకోప్ లాంటి ఊళ్ళన్నీ అలా పుట్టినవే. ఒక్కో రైతుకి వచ్చిన ముక్క మామూలుగా 110 మీటర్లకు కొంచెం ఎక్కువ వెడల్పు, 1250 మీటర్ల పొడవు. విమానం దిగేటప్పుడు కిందికి చూస్తే రిబ్బన్లలా సన్నగా, పొడుగ్గా, మధ్యమధ్య నీటి గీతలతో పొలాలు కనిపిస్తాయి కదా, అవి ఆ ఒప్పందాల కొలతలే. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ గీతలు చెరిగిపోలేదు.

కాలవలు తవ్వాక ఏం జరిగిందంటే, పీట్‌లోంచి నీరు పోగానే నేల కుంగడం మొదలైంది. ఒకటి, నీరు పోయిన చోట నేల అణిగిపోతుంది. రెండు, గాలి తగిలిన పీట్ నిజంగానే కుళ్ళి, వాయువుగా మారి ఎగిరిపోతుంది. మొదట్లో ఈ బీళ్ళు చుట్టుపక్కల నదులకన్నా ఎత్తులో ఉండేవి, అందుకే వాననీరు దానంతటదే జారిపోయేది. కొన్ని తరాలకి పొలం నదికన్నా కిందికి దిగింది. గోధుమ పండించిన చోట గడ్డి తప్ప ఇంకేమీ పండలేదు. ఆవులు వచ్చాయి, వెన్న వచ్చింది, చీజ్ వచ్చింది. నీటిని ఆపడానికి కట్టలు వచ్చాయి. కట్ట లోపల చేరిన నీటిని బయటికి ఎత్తిపోయడానికి పదిహేనో శతాబ్దంలో గాలిమరలు వచ్చాయి. తోడేకొద్దీ నేల ఇంకా కుంగింది. ఇప్పటికీ కొన్ని పీట్ ప్రాంతాల్లో ఏడాదికి ఒక సెంటీమీటరు దాకా కుంగుతూనే ఉంది. సముద్రం పైకి వచ్చి ఈ దేశాన్ని ముంచిందని అనుకుంటాం. నిజానికి సగం కథ మనుషులు తవ్విన కాలవలదే.

అది చాలదన్నట్టు పీట్‌ని వంటచెరకు కోసం కూడా తవ్వేశారు. నగరాల్లో ఇళ్ళు వెచ్చబడాలన్నా, ఇటుకలు కాలాలన్నా, బీరు కాచాలన్నా ఆ ఎండబెట్టిన పీట్ ఇటుకలే దిక్కు. పదహారో శతాబ్దంలో పొడుగు కర్రకి వల కట్టి నీటి అడుగు నుంచి కూడా లాగడం మొదలుపెట్టారు. అలా తవ్విన చోట చెరువులు పడ్డాయి. ఎండాకాలంలో మీరు పడవ షికారుకి వెళ్ళే వింకెవేన్ చెరువు అలాంటిదే. పేరు చివర వేన్ అని ఉంది, చూస్తే అంతా నీళ్ళు. ఆ వేన్ పొయ్యిల్లో మండిపోయింది. ఉత్తరాన హోగెవేన్, హేరెన్‌వేన్ కూడా పీట్ తవ్వకాల కోసం వెలిసిన ఊళ్ళే. ఇక ఇంటిపేర్లు. వాన్ అంటే ఫలానా చోటి నుంచి అని. వాన్ డెర్ వేన్, వేన్‌స్ట్రా, వేన్‌మన్. మీ ఆఫీసులో ఈ పేరున్నవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ ముత్తాతల ముత్తాతలు ఈ తడి నేల మీద బతికినవాళ్ళు.

ఆనకట్టల ఊళ్ళ గురించి ఎక్కువ చెప్పను. ఆమ్‌స్టెల్ మీద డామ్ ఆమ్‌స్టర్‌డామ్, రోటె మీద డామ్ రోటర్‌డామ్, స్కీ మీద డామ్ స్కీడామ్, జాన్ మీద డామ్ జాన్‌డామ్. చీజ్‌కి పేరుపడ్డ ఎడామ్ కూడా ఇ అనే చిన్న నది మీద కట్టిన డామే. ఆమ్‌స్టర్‌డామ్ పేరు మొదట కనిపించేది 1275 అక్టోబరు 27 నాటి ఒక పత్రంలో. ఆమ్‌స్టెల్ ఆనకట్ట దగ్గర ఉండే జనానికి సుంకం మాఫీ చేస్తూ కౌంట్ ఐదో ఫ్లోరిస్ ఇచ్చిన పత్రం అది. అప్పటికి అది నగరం కాదు, ఊరు కూడా సరిగ్గా కాదు. కట్ట దగ్గర ఉండే జనం, అంతే.

కట్ట అంటే డైక్. దీని దగ్గర కాసేపు ఆగుతాను. వాన్ డైక్ ఈ దేశంలో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లలో ఒకటి. ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి వర్జిల్ వాన్ డైక్ తెలుసు. కానీ ఈ హాల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కువ, కాబట్టి మీకు ఇంకా బాగా తెలిసిన పేరు డైక్‌స్ట్రా. విజయవాడలో చదివినా వరంగల్‌లో చదివినా, రెండో సంవత్సరంలోనో మూడో సంవత్సరంలోనో అతి దగ్గరి దారి కనుక్కునే ఆయన ఆల్గరిథమ్ బోర్డు మీద వేయనివాళ్ళు లేరు. ఎడ్స్‌హర్ డైక్‌స్ట్రా 1930లో రోటర్‌డామ్‌లో పుట్టారు. 1956లో ఆ ఆల్గరిథమ్ ఆలోచించినప్పుడు ఆయన వేసుకున్న ప్రశ్న రోటర్‌డామ్ నుంచి క్రోనింగన్‌కి దగ్గరి దారేది అన్నదే. 1959లో అచ్చయింది. ఆయన ఇంటిపేరు మాత్రం రోటర్‌డామ్‌ది కాదు, ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌ది. అక్కడి భాషలో పేరు చివర స్ట్రా వస్తే ఫలానా చోట కూర్చున్నవాడు, అంటే నివాసం ఉన్నవాడు అని. డైక్‌స్ట్రా కట్ట మీద కాపురమున్న మనిషి. హూక్‌స్ట్రా మూల మీద ఉన్నవాడు. జైల్‌స్ట్రా నీటి తూము దగ్గర ఉన్నవాడు. టెర్ప్‌స్ట్రా మట్టిదిబ్బ మీద ఉన్నవాడు. స్ట్రా కనిపించిందంటే ఆ కుటుంబం మూలాలు ఫ్రీస్‌లాండ్ వైపు ఉన్నాయని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు.

కట్టలు తెగేవి కూడా. తెగిన చోట నీరు సుడి తిరుగుతూ పడి, నేలను లోతుగా తొలిచేసేది. వరద తీశాక చూస్తే అక్కడ అడుగు అందని గుండం. దాన్ని పూడ్చడం ఎవరి తరమూ కాదు, అందుకే కొత్త కట్టను ఆ గుండం చుట్టూ వంకరగా తిప్పి కట్టేవారు. నదుల వెంట సైకిల్ మీద వెళ్తుంటే కట్ట ఉన్నట్టుండి ఒక గుండ్రటి చెరువు చుట్టూ తిరుగుతుంది చూడండి. అక్కడ ఎప్పుడో కట్ట తెగిందన్నమాట. ఆ గుండాన్ని ఒక్కోచోట వీల్ అంటారు, ఇంకోచోట వాల్ అంటారు. వాన్ డెర్ వీల్, వాన్ డెర్ వాల్ అనే ఇంటిపేర్లు అలా వచ్చాయి. రెండోదానికి వాల్ నది కూడా మూలం కావచ్చు, ఏ కుటుంబానికి ఏదో విడివిడిగా చూడాలి. ఇంటర్ కెమిస్ట్రీలో వాన్ డెర్ వాల్స్ బలాలు చదివాం కదా. లైడెన్‌లో 1837లో పుట్టి, 1910లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఆయన. అణువుల మధ్య ఆకర్షణకి మనం వాడే పేరు వెనక కూడా ఇక్కడి నీళ్ళే ఉన్నాయి.

కట్టలు రాకముందు సంగతేమిటని వెనక నుంచి ఎవరో అడిగారు. మంచి ప్రశ్న. కట్టలకన్నా ముందు దిబ్బలున్నాయి. ఫ్రీస్‌లాండ్‌లో టెర్ప్ అంటారు, క్రోనింగన్‌లో వీర్డె అంటారు. క్రీస్తుకి అయిదారు వందల ఏళ్ళ ముందే ఉత్తర తీరంలో రైతులు మట్టి, పేడ, చెత్త పోసి చేత్తో దిబ్బలు పెంచి, వాటి మీద ఇళ్ళు కట్టుకున్నారు. రోజుకి రెండుసార్లు సముద్రం పోటెత్తే చోటది. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ఆ తీరంలో ఇలా బతికే జనాన్ని చూసి రాశాడు. నీరు పైకొచ్చినప్పుడు ఓడలో ఉన్నవాళ్ళలా, తీసినప్పుడు ఓడ బద్దలై ఒడ్డున పడ్డవాళ్ళలా ఉంటారన్నాడు. చేతులతో బురద తీసి ఎండబెట్టి వంట చేసుకుంటారని కూడా రాశాడు. అది మన పీటే. ఆ జనం గురించి జాలిగా రాశాడు గానీ, రోమన్ సామ్రాజ్యం పోయాక కూడా ఆ దిబ్బల మీద బతుకు ఆగలేదు. ఫ్రీస్‌లాండ్, క్రోనింగన్ కలిపి ఇలాంటివి వెయ్యికి పైగా ఉండేవి. అన్నిటికన్నా ఎత్తయిన హెగెబేంటమ్ దిబ్బ దాదాపు 9 మీటర్లు. హోల్‌వెర్డ్, ఫెర్‌వెర్డ్, బోల్స్‌వార్డ్, చివరికి ఫ్రీస్‌లాండ్ రాజధాని లేవార్డెన్‌లో కూడా ఆ తోకకి అర్థం దిబ్బే. పందొమ్మిదో శతాబ్దంలో ఈ దిబ్బల మట్టి ఎరువుకి బాగుంటుందని కనిపెట్టి, తవ్వి పడవల్లో అమ్ముకున్నారు. చాలా దిబ్బలు సగం పోయాయి, కొన్ని పూర్తిగా పోయాయి. టెర్ప్‌స్ట్రాలు మాత్రం టెలిఫోన్ డైరెక్టరీ నిండా ఉన్నారు.

తూర్పుకీ దక్షిణానికీ పోతే నేల ఇసుక. అక్కడ పేర్లు అడవివి. లో అంటే పల్చటి అడవి: వెన్లో, అల్మెలో, హెంగెలో. బెల్జియంలో నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ కూడా ఆ కుటుంబమే. రోడె, రాడె అంటే చెట్లు కొట్టి చదును చేసిన చోటు: కెర్క్‌రాడె, నిస్టెల్‌రోడె. ఫుట్‌బాలర్ వాన్ నిస్టెల్‌రోయ్ ఇంటిపేరు ఆ ఊరిదే. హైడె అంటే గొర్రెలు మేసీ మేసీ చెట్టు మొలవని బీడు, అందులోంచి వాన్ డెర్ హైడెన్. బ్రింక్ అంటే ఊరి మధ్య ఉమ్మడి పచ్చిక. బెర్గ్ గురించి అందరూ అడుగుతారు. వాన్ డెన్ బెర్గ్ కూడా వాన్ డైక్ లాగే చాలా పెద్ద ఇంటిపేరు, అంటే కొండ దగ్గరవాళ్ళు. యూరప్ వైపున్న నేదర్లాండ్స్‌లో అన్నిటికన్నా ఎత్తయిన వాల్సర్‌బెర్గ్ 322 మీటర్లే, మరి ఇంతమందికి కొండ ఎక్కడ దొరికిందని. సముద్ర మట్టానికి కింద బతికే మనిషికి నాలుగు మీటర్ల ఇసుక తిన్నె కూడా బెర్గే. వరద వచ్చినప్పుడు ఆ నాలుగు మీటర్లే ప్రాణం కాపాడతాయి. అందుకని ఆ మాటను తక్కువ చేసి చూడకూడదు.

నదుల వైపు ఇంకొక్క మాట. చుట్టూ నదీ పాయలు ఉన్న నేలను వార్డ్ అంటారు, మన గోదావరి లంకలు ఎలాగో అలాగ. ఆల్‌బ్లాసర్‌వార్డ్, బొమ్మెలర్‌వార్డ్ అలాంటివి. 1421 నవంబరులో సెయింట్ ఎలిజబెత్ వరదలో హ్రోటె వార్డ్ అనే పెద్ద లంక మునిగిపోయింది. దానిలో కొంత భాగం మళ్ళీ పొలం కాలేదు. జమ్ము, రెల్లు, చిత్తడి అడవి పెరిగి బీస్‌బోస్ అయింది. జమ్ము అడవి అని అర్థం. ఇప్పుడది జాతీయ ఉద్యానవనం.

ఇప్పుడు చెరువులు. మేర్ అంటే సరస్సు. జూటర్‌మేర్‌లో లక్షకి పైగా జనం ఉన్నారు, సరస్సు మాత్రం లేదు. 1614 ప్రాంతంలో తోడేశారు. బేమ్‌స్టర్ సరస్సుని 1612లో గాలిమరలతో ఎండగట్టారు. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ పనిచేసిన గాలిమరల నిపుణుడు యాన్ ఆద్రియాన్స్‌జోన్. ఆ రోజుల్లో అందరిలాగే తండ్రి పేరే ఆయనకి ఇంటిపేరు. తరవాత లేఖ్‌వాటర్ అని చేర్చుకున్నాడు. నీటిని కిందికి దించినవాడన్న భావం వచ్చే పేరు. చేసిన పని నుంచి తనకి తానే పేరు తెచ్చుకున్న మనిషి. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన పేరు అది.

ఆయన 1641లో ఇంకో పెద్ద ప్రతిపాదన పెట్టాడు: 160 గాలిమరలతో హార్లెమర్‌మేర్ సరస్సును తోడేద్దామని. ఎవరూ పూనుకోలేదు. ఆ సరస్సు గాలి వీచినప్పుడల్లా ఒడ్డును కోసుకుంటూ పెరిగి పల్లెల్ని మింగింది. 1836లో వచ్చిన తుపానులకి నీళ్ళు ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ గుమ్మం దాకా, ఇంకోసారి లైడెన్ దాకా వెళ్ళాయి. అప్పుడు గానీ ప్రభుత్వం కదల్లేదు. మూడు ఆవిరి పంపింగ్ కేంద్రాలు కట్టారు. ఒకదానికి లేఖ్‌వాటర్ పేరే పెట్టారు. మూడేళ్ళకి పైగా తోడితే 1852లో అడుగు కనిపించింది. మూడింటిలో క్రూకియస్ ఇప్పుడు మ్యూజియం. పిల్లల్ని తీసుకెళ్ళండి, ఆ ఆవిరి యంత్రం సైజు చూస్తే నోరు తెరుస్తారు. మనం ఇండియా నుంచి వచ్చి దిగే స్కిఫోల్ విమానాశ్రయం ఆ సరస్సు అడుగునే ఉంది, సముద్ర మట్టానికి మూడు మీటర్లకు పైగా కింద. మునిసిపాలిటీ పేరు ఇప్పటికీ హార్లెమర్‌మేర్ అనే.

మేర్ నుంచే వాన్ డెర్ మేర్ వచ్చింది, దాని పొట్టి రూపం వెర్‌మేర్. ముత్యం చెవిపోగు అమ్మాయిని గీసిన డెల్ఫ్ట్ చిత్రకారుడి ఇంటిపేరు ఇదే. వెర్ అంటే వాన్ డెర్‌ని కుదించినది. వెర్‌బేక్ అంటే వాగు దగ్గరవాళ్ళు, వెర్‌మూలెన్ అంటే మర దగ్గరవాళ్ళు. టెర్, టెన్ అన్నా దగ్గర అనే అర్థమే: టెర్ హోర్స్ట్, టెన్ బ్రింక్. రెంబ్రాంట్ వాన్ రైన్‌లో రైన్ నదే. లైడెన్‌లో రైన్ ఒడ్డున వాళ్ళ కుటుంబానికి మాల్ట్ ఆడించే మర ఉండేది.

ఇంటిపేర్లు చట్టంలోకి ఎలా వచ్చాయో చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఒక కట్టుకథ బాగా తిరుగుతోంది. 1810లో నెపోలియన్ ఈ దేశాన్ని ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నాడు. 1811 ఆగస్టు 18న ఆజ్ఞ వచ్చింది: ఇంటిపేరు లేనివాళ్ళు ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. ఫ్రెంచివాళ్ళు ఎలాగూ పోతారు కదా అని జనం వెక్కిరింతగా పిచ్చి పేర్లు రాయించారని, నాక్ట్‌ఖెబోరెన్, అంటే బట్టల్లేకుండా పుట్టినవాడు అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు. అది నిజం కాదు. ఆ పేరు అంతకు చాలా ముందే ఉంది. తండ్రి చనిపోయాక పుట్టిన బిడ్డ అనే అర్థమున్న జర్మన్ మాట నలిగి అలా అయింది. హాలండ్‌లో, దక్షిణాన ఎక్కువమందికి అప్పటికే ఇంటిపేర్లు ఉన్నాయి. తండ్రి పేరుతోనే సరిపెట్టుకుంటున్నది ముఖ్యంగా ఫ్రీస్‌లాండ్, క్రోనింగన్, డ్రెంటె వైపు. అందుకే డైక్‌స్ట్రా, హూక్‌స్ట్రా లాంటివి చాలా కుటుంబాలకి ఆ ఏడాదే కాగితం మీదికి ఎక్కాయి. అందరూ కదల్లేదు కూడా, 1825లో రాజు మళ్ళీ ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చింది.

తూర్పున అఖ్టర్‌హూక్, ట్వెంటె ప్రాంతాల్లో పద్ధతి ఇంకా వేరు. అక్కడ పేరు మనిషిది కాదు, పొలంది. రైతు ఇల్లు, పొలం కలిపి ఒక పేరు ఉంటుంది. ఆ పొలంలో ఎవరు కాపురముంటే వాళ్ళది ఆ పేరు. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు భార్య పొలం పేరు పెట్టుకునేవాడు. పొలం మారితే పేరు మారేది. 1811 తరవాత అది ఆగిపోయింది, పేరు మనిషికి అంటుకుపోయింది. ఆ ప్రాంతంలో వంశవృక్షం వెతికేవాళ్ళకి అన్నదమ్ములకే వేరువేరు ఇంటిపేర్లు కనిపించి తల తిరుగుతుంది. ఇప్పుడు దేశం మొత్తం మీద మూడు లక్షలకి పైగా రకాల ఇంటిపేర్లు ఉన్నాయి. మేర్టెన్స్ సంస్థ వాటికి ఒక డేటాబేస్ పెట్టింది. ఏ పేరు ఏ ప్రాంతంలో ఎక్కువో మ్యాప్‌తో సహా ఉచితంగా చూడొచ్చు. మీ పక్కింటివాళ్ళ పేరుతో మొదలుపెట్టండి. ఒకటే జాగ్రత్త: ఇక్కడ వాన్ డెన్ బెర్గ్‌ని బి కింద వెతకాలి, బెల్జియంలో అయితే వి కింద.

సముద్రాలు దాటిన పేర్ల గురించి గబగబా చెప్పేస్తాను. న్యూయార్క్ బ్రూక్లిన్ మనకి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న బ్రూకెలెన్ పేరే. బ్రూక్ అంటే చిత్తడి నేల. హార్లెమ్ ఇక్కడి హార్లెమ్, ఇసుక మిట్ట మీది ఊరు. అమెరికా కోటీశ్వరులు వాండర్‌బిల్ట్‌లు ఉట్రెక్ట్ పక్కన ఉన్న డె బిల్ట్ వాళ్ళు. బిల్ట్ అంటే మిట్ట. మీ ఫోన్‌లో వాన హెచ్చరిక పంపించే వాతావరణ సంస్థ కార్యాలయం అక్కడే. ఇద్దరు అమెరికా అధ్యక్షుల రూజ్‌వెల్ట్ పేరు గులాబీల పొలం. ఇక మన తీరం వైపు చూస్తే, పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్ వ్యాపారులు మచిలీపట్నం వచ్చారు. పులికాట్‌లో కట్టిన కోటకి గెల్డ్రియా అని పేరు పెట్టింది డచ్ అధికారి వెమ్మర్ వాన్ బెర్ఖెమ్ సొంత ప్రాంతం గెల్డర్‌లాండ్ మీద. పులికాట్, భీమిలి సమాధి రాళ్ళ మీద ఇలాంటి పేర్లు ఉన్నాయి. సెలవులకి వెళ్ళినప్పుడు చదవండి.

క్రికెట్ వాళ్ళు ముఖాలు చిన్నబుచ్చుకుంటున్నారు, అందుకని ఇదొకటి. 2023 జూన్‌లో హరారేలో వెస్టిండీస్ మీద ఆట మీకు గుర్తుండే ఉంటుంది. విజయవాడలో పుట్టిన తేజ నిడమానూరు నెదర్లాండ్స్ తరఫున 111 కొట్టాడు. ఆట టై అయింది. సూపర్ ఓవర్‌లో లోగన్ వాన్ బేక్ 30 పరుగులు చేసి గెలిపించాడు. నిడమానూరు విజయవాడ శివార్లలోని ఊరు. వాన్ బేక్ అంటే వాగు దగ్గరి నుంచి వచ్చినవాడు.

ఆఖరుగా జౌడర్‌జే. పేరులో జే అంటే సముద్రం. 1932 మే 28న 32 కిలోమీటర్ల అఫ్‌స్లౌట్‌డైక్ చివరి ఖాళీని మూసేశారు. ఉప్పునీరు పోయి మంచినీరయింది. ఈసారి పేరును అలాగే వదిలేయలేదు, సముద్రం అన్న మాట తీసేసి ఐసెల్‌మేర్ అన్నారు. ఆ తరవాత అందులోంచి కొత్త నేలను బయటికి తీశారు. 1942లో నోర్డ్‌ఓస్ట్‌పోల్డర్ ఎండింది. అప్పటికి ఎవరూ కాపురం లేని నేల. ఊళ్ళకి ఏ పేర్లు పెట్టాలి? మధ్యయుగంలో ఆ నీళ్ళలో మునిగిపోయిన పల్లెల పేర్లు పాత పత్రాల్లో వెతికారు. నాగెలె, మార్క్‌నెస్సె, ఎస్పెల్ అలా తిరిగి వచ్చాయి. స్కోక్‌లాండ్ అనే దీవి నీటికి కరిగిపోతుంటే 1859లో రాజాజ్ఞతో జనాన్ని ఖాళీ చేయించారు. ఆ దీవి మీది ఎమ్మెలోర్డ్ పల్లె పేరును కొత్త పట్టణానికి పెట్టారు. దక్షిణాన ఆల్మేర్ నగరానికి జౌడర్‌జేకన్నా ముందు అక్కడ ఉన్న సరస్సు పేరు ఇచ్చారు. అక్కడ మొదటి కుటుంబాలు 1976లో దిగాయి. 1986లో ఈ కొత్త నేలంతా ఒక రాష్ట్రమైంది. దానికి ఫ్లేవోలాండ్ అని, రోమన్ రచయితలు ఆ సరస్సును పిలిచిన ఫ్లేవో అన్న పేరు మీద పెట్టారు.

అదే పోల్డర్ అంచున ఉర్క్ ఉంది. శతాబ్దాలుగా చేపలు పట్టేవాళ్ళ దీవి. 1939లో కట్ట వచ్చి దాన్ని ఒడ్డుతో కలిపింది. ఇప్పుడు కారులో నేరుగా వెళ్ళొచ్చు, చుట్టూ బంగాళాదుంప పొలాలు. అయినా ఆ ఊరివాళ్ళని మీ ఇల్లెక్కడని అడగండి. ఉర్క్‌లో అనరు, ఉర్క్ మీద అంటారు, దీవి మీద అన్నట్టే.

ఇక మీరు అడగండి. మైకు ముందు ఆ వెనక వరుసలో ఉన్న అమ్మాయికి ఇవ్వండి, ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉంది.